అరవై నిండాయా, నడుస్తున్నాయా?

మొన్న విజయవాడ సిటీ బస్సులో మా బావగారు కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటే, ముందు సీట్లో ఉన్న కాలేజీ కుర్రాడు చటుక్కున లేచి "కూర్చోండి తాతగారూ" అన్నాడట. ఆ తాతగారెవరా అని బావగారు వెనక్కి తిరిగి చూశారు. వెనకాల ఎవరూ లేరు. "పర్లేదు బాబూ, వచ్చే స్టాపే" అని చెప్పి నాలుగు స్టాపులు నిలబడే వెళ్ళారు. ఇంటికొచ్చాక ఆ కుర్రాడి కంటిచూపు గురించి మా అక్కతో కాసేపు మాట్లాడి, ఫోను తీసి తిరుపతికి రైలు టికెట్లు బుక్ చేశారు. వయసు గడిలో 60 అని కొట్టి, "లోయర్ బెర్త్ వస్తుందిలే, సీనియర్ సిటిజన్ని కదా" అన్నారు.

అక్క నవ్వింది గానీ, ఇందులో బావగారి తప్పేమీ లేదు. బస్సులో కుర్రాడు చూసింది ఒక వయసు, రైల్వే అడిగింది ఇంకో వయసు, ఆయన లోపల మోస్తున్నది మరో వయసు. మూడింటికీ మనం వాడేది ఒకటే మాట కాబట్టి గందరగోళం. పైగా ఆ రైల్వే అడిగే వయసు, బ్యాంకు అడిగేది, పింఛను ఆఫీసు అడిగేది, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు అడిగేది కూడా ఒకటి కావు. "ఇంతకీ ఎన్నేళ్ళు వస్తే సీనియర్?" అన్న ప్రశ్నకి ఒక్క అంకెలో జవాబు ఎందుకు రాదో చూద్దాం.

ముందు పుట్టినరోజు తేలాలి కదా

తెలుగులో వయసు చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. "అరవై నిండాయి" అంటే అరవయ్యో పుట్టినరోజు దాటిపోయింది. "అరవై నడుస్తోంది" అంటే యాభైతొమ్మిది నిండి అరవయ్యో ఏట ఉన్నారు. పెద్దవాళ్ళు ఎక్కువగా నడుస్తున్న ఏడే చెబుతారు. ఆఫీసులన్నీ నిండిన ఏడే లెక్క కడతాయి. అమ్మమ్మ చెప్పిన వయసుకీ, ఆవిడ ఆధార్ కార్డులో వయసుకీ ఒక ఏడాది తేడా చాలా ఇళ్ళలో ఇక్కడే పుడుతుంది.

అసలు పుట్టిన తేదీ విషయంలో తేడా అంతకంటే పెద్దది. బావగారిని బళ్ళో చేర్చేనాటికి ఐదేళ్ళు నిండలేదు. హెడ్మాస్టరు గారు కాసేపు ఆలోచించి 1965 జూలై 1 అని రాసేసుకున్నారు. మా అత్తయ్యగారి లెక్క వేరు: "గోదావరి పుష్కరాలకి ముందు ఏడు, అట్లతద్ది వెళ్ళిన మూడో నాడు పుట్టాడు." గోదావరి పుష్కరాలు 1967లో వచ్చాయి, అంటే ఈయన పుట్టింది 1966 ఆశ్వయుజంలో. సర్టిఫికెట్ వయసు అసలు వయసు కంటే పదహారు నెలలు ముందు పరిగెడుతోంది. ఆ తరంలో ఇది కొత్త కాదు. జూన్, జూలైలలో పుట్టినవాళ్ళు పాత హాజరు పట్టీల్లో అంతమంది కనిపించడానికి కారణం బళ్ళు తెరిచే కాలం అదే కావడం.

బడికి పోనివాళ్ళకి ఆ సర్టిఫికెట్ కూడా లేదు. ఆధార్ నమోదు చేసేటప్పుడు "సుమారు ఎంత ఉంటాయమ్మా?" అని అడిగి రాసుకున్న వయసే వాళ్ళ వయసు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్ ఉంటే దాన్నే నమ్మాలని 2024 అక్టోబర్‌లో ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సర్టిఫికెట్ రాసిన హెడ్మాస్టరు గారి ఆలోచన సంగతి మాత్రం ఎవరూ అడగరు.

అరవై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

మనకి అరవై రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఆకాశంలోంచి, రెండోది యూరప్ నుంచి.

ఆకాశం లెక్క మనందరికీ తెలిసిందే గానీ విడమరిచి చూడం. బృహస్పతి రాశిచక్రం ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు పడుతుంది. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి రావడం అందుకే. శని చుట్టి రావడానికి దాదాపు 30 ఏళ్ళు. 12, 30 రెండూ కలిసే మొదటి అంకె 60. బృహస్పతికి ఐదు చుట్లు, శనికి రెండు. ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల పేర్లు అరవై. 1966 ఉగాదికి మొదలైన పరాభవ నామ సంవత్సరం 2026 ఉగాదికి మళ్ళీ అదే పేరుతో తిరిగొచ్చింది. పుట్టిన ఏడాది పేరు రెండోసారి వినడమే షష్టిపూర్తి. (శుభలేఖల్లో చాలామంది "షష్ఠిపూర్తి" అని వేయిస్తారు. ఒత్తు ఠ పెడితే అది ఆరో తిథి అవుతుంది, అరవై కాదు.) ఇందులో ముసలితనం ప్రస్తావన లేదు. ఒక చక్రం పూర్తయింది, రెండోది మొదలైంది, అంతే. దంపతులకి మళ్ళీ తాళి కట్టించే వేడుక అది. ఇక మూలన కూర్చోండని చెప్పేది కాదు.

వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేసే సహస్ర చంద్ర దర్శనం కూడా లెక్కే. పున్నమికీ పున్నమికీ 29.53 రోజులు. వెయ్యి పున్నములంటే 29,530 రోజులు, అంటే దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు. ఇప్పుడు బ్యాంకుల వాళ్ళు "సూపర్ సీనియర్" అనేది కూడా 80 నిండినవాళ్ళనే. పంచాంగం, పాస్‌బుక్కు ఇలా కలుసుకోవడం కేవలం కాకతాళీయం.

రెండో దారి జర్మనీది. 1889లో అక్కడ ఛాన్సలర్ బిస్మార్క్ ప్రభుత్వం కార్మికులకి వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చింది. వయసు 70. అప్పటికి బిస్మార్క్ వయసు 74. 1916లో దాన్ని 65కి తగ్గించారు. తర్వాత ఎన్నో దేశాలకి 65 అలవాటైపోయింది. 1982లో వియన్నాలో ఐక్యరాజ్యసమితి వృద్ధాప్యం మీద ప్రపంచ సభ పెట్టినప్పుడు 60ని లెక్కలోకి తీసుకుంది. మన దేశంలో 1999 నాటి జాతీయ విధానం, దాని వెనకాలే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా 60 అనే అన్నాయి.

ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. "స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మనవాళ్ళు సగటున 32 ఏళ్ళే బతికేవారు, కాబట్టి అప్పట్లో అరవై అంటే అద్భుతం" అంటుంటారు. సగటు అలా పనిచేయదు. పదిమంది పుట్టారనుకుందాం. నలుగురు ఏడాదిలోపే పోయారు, ఆరుగురు 55 దాకా బతికారు. సగటు 33 చిల్లర వస్తుంది. కానీ ఆ పదిమందిలో 33 ఏళ్ళకి పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇప్పుడు సగటు 70 దాకా రావడంలో పెద్ద వాటా పసిపిల్లలు బతకడానిది. అరవై దాకా వచ్చినవాళ్ళ ఆయుష్షు కూడా పెరిగింది గానీ, 32కీ 70కీ ఉన్నంత తేడాలో కాదు.

కౌంటరు మారితే గీత మారుతుంది

2007 చట్టం ప్రకారం సీనియర్ సిటిజన్ అంటే 60 నిండిన భారత పౌరులు. ఆడ, మగ తేడా లేదు. పిల్లలు చూడకపోతే పోషణ ఖర్చు అడిగే హక్కు ఇదే చట్టంలో ఉంది. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది: తల్లిదండ్రులుగా అడిగేటప్పుడు 60 నిండక్కర్లేదు. 52 ఏళ్ళ తల్లి కూడా కొడుకుని అడగొచ్చు. పిల్లలు లేనివాళ్ళు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా దక్కబోయే బంధువుని అడగాలంటే మాత్రం 60 కావాలి.

రైల్వే దగ్గర కథ మారుతుంది. అక్కడ మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 58. 2020 మార్చి 20 దాకా ఈ వయసులకి టికెట్‌లో రాయితీ ఉండేది, మగవాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళకి 50 శాతం. కరోనా రోజుల్లో ఆపేశారు. లోయర్ బెర్త్ మాత్రం మిగిలింది. ఆ బెర్త్ కోటాకి ఆడవాళ్ళ వయసు 58 కూడా కాదు, 45. టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ కోటా పేరు "లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్" అని కనిపిస్తుంది కాబట్టి, 46 ఏళ్ళ మా చెల్లెలు మొదటిసారి ఆ గడి చూసి "నన్నప్పుడే ముసలిదాన్ని చేసేశారా" అని టెన్షన్ పడింది. బెర్త్ వచ్చాక మరి మాట్లాడలేదు.

ఆర్టీసీలో ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 60 నిండినవాళ్ళకి ఛార్జీలో 25 శాతం తగ్గింపు ఉంది. కానీ తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఎన్నో రకాల బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణమే ఉచితం. ఆ బస్సుల్లో వాళ్ళకి వయసుతో పనే లేకుండా పోయింది.

బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద సీనియర్లకి సాధారణంగా అర శాతం వడ్డీ ఎక్కువ ఇస్తారు. పది లక్షలు వేస్తే ఏడాదికి ఐదు వేలు తేడా. చాలా బ్యాంకుల్లో డిపాజిట్ వేసిన రోజు వయసే లెక్క. 59 ఏళ్ళ 11 నెలలకి ఐదేళ్ళ డిపాజిట్ వేసినాయనకి, నెల తిరిగితే 60 వచ్చినా రేటు దానంతటది పెరగదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో అసలు గీత 60. కానీ ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్ళని 55 నుంచే, సైన్యం నుంచి రిటైరైనవాళ్ళని 50 నుంచే చేర్చుకుంటారు. అంటే 51 ఏళ్ళ మాజీ సైనికుడు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్, పక్కనే రైల్వే స్టేషన్‌లో మామూలు ప్రయాణికుడు.

ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి 2011 దాకా సీనియర్ అంటే 65. ఆ ఏడాది బడ్జెట్‌లో 60కి దించి, 80 దాటినవాళ్ళని వేరే వరసలో కూర్చోబెట్టారు. పాత పన్ను పద్ధతిలో అందరికీ 2.5 లక్షల దాకా పన్ను లేకపోతే, 60 నిండితే 3 లక్షలు, 80 నిండితే 5 లక్షలు. కొత్త పద్ధతిలో శ్లాబులకి వయసు తేడా లేదు. ఇక్కడ ఒక్కరోజు తేడా ఎంత పని చేస్తుందో చూడండి. ఆర్థిక సంవత్సరంలో ఏ రోజున 60 నిండినా ఆ ఏడాదంతా సీనియర్ కిందే లెక్క. 1966 ఏప్రిల్ 2న పుట్టినాయనకి 2026-27లో ఆ లాభం మొదలవుతుంది. ఏప్రిల్ 1న పుట్టినాయనకి మాత్రం 2025-26లోనే వచ్చేస్తుంది. ఎందుకంటే పుట్టినరోజుకి ముందు రోజుతోనే ఏడాది నిండినట్టని, అంటే మార్చి 31కే 60 నిండినట్టని 2016లో పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. ఇద్దరికీ ఆదాయం 5 లక్షల పైనే ఉండి పాత పద్ధతిలో ఉంటే, ఆ ఏడాది శ్లాబు వల్లే తేడా 2,500, సెస్సుతో కలిపి 2,600 రూపాయలు. ఒక్కరోజు ముందు పుట్టినందుకు.

ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్‌లో కూడా ఇదే సూత్రం. నెల ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. జూలై 1 అని రాసిన హెడ్మాస్టరు గారి చలవ వల్ల బావగారికి ఒక నెల జీతం పోతుంది.

60 తర్వాతా గీతలున్నాయి. 2024 అక్టోబర్ 29 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 70 నిండినవాళ్ళందరికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. 75 నిండి పింఛను, అదే బ్యాంకు వడ్డీ తప్ప వేరే రాబడి లేనివాళ్ళకి పన్ను రిటర్ను దాఖలు బాధ తప్పించారు. ఇంటి దగ్గరే ఓటు వేసే సౌకర్యం 2023 నవంబర్ తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో 80 దాటినవాళ్ళకి ఇచ్చారు. 2024 మే లోక్‌సభ ఎన్నికలకి ముందు దాన్ని 85 చేశారు. దాంతో 82 ఏళ్ళ పెద్దాయన నవంబర్‌లో మంచం మీద కూర్చుని ఓటేసి, మళ్ళీ మేలో ఎండలో బూతుకి నడవాల్సి వచ్చింది. ఆర్నెల్లలో ఆయన చిన్నవాడైపోయినట్టు.

గీత ఎవరి జేబుని చూసి గీస్తారు?

ఇంతసేపూ చూసిన అంకెల్లో ఒక్కటి కూడా మన మోకాళ్ళని చూసి పెట్టినది కాదు. ఎంతమందికి ఇవ్వగలం, ఎవరిని ఎప్పుడు పంపాలి, ఎవరి ఓటు కావాలి, ఇవే ప్రశ్నలు. 2011 జనాభా లెక్కల్లో 60 దాటినవాళ్ళు దాదాపు 10.4 కోట్లు. గీత ఐదేళ్ళు పైకో కిందికో జరిగితే కోట్లమంది అటూ ఇటూ అవుతారు. అందుకే ఇది ఎప్పుడూ బడ్జెట్ వ్యవహారం.

మన రాష్ట్రంలో దీనికి 1983ని మించిన ఉదాహరణ లేదు. ఎన్టీఆర్ 1923 మే 28న పుట్టారు. 1983 జనవరి 9న, 59 నిండిన వయసులో, మొదటిసారి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఫిబ్రవరిలో ఆయన ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంట్ వయసుని 58 నుంచి 55కి దించేసింది. యువతకి ఉద్యోగాలు రావాలన్నది కారణం. వేలమంది రాత్రికి రాత్రి మాజీలయ్యారు. 1984లో మళ్ళీ 58 చేశారు. మధ్యలో ఇంటికి పోయినవాళ్ళ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 56 ఏళ్ళ గుమాస్తా 1983 జనవరిలో ఎంత పనిమంతుడో మార్చిలోనూ అంతే పనిమంతుడు. మారింది ఖాళీల లెక్క.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంట్ వయసు 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61 అయింది. ఒకేసారి ఎక్కువమంది దిగిపోతే గ్రాట్యుటీ, పింఛను భారం ఖజానా మీద పడుతుంది, వెనక్కి జరిపితే ఆ ఖర్చూ వెనక్కి జరుగుతుంది. ఆయుష్షు మాటకొస్తే కేరళని చూడండి. దేశంలో ఆయుష్షు ఎక్కువున్న రాష్ట్రాల్లో అదొకటి, అక్కడ పాత పింఛను కింద ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం 56కే రిటైరవుతారు. ఆయుష్షుతో రిటైర్మెంట్ వయసుకి నేరుగా సంబంధం ఉంటే ఇలా ఉండేది కాదు.

పింఛన్ల దగ్గర గీత కిందికి జారుతుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను వయసు 2019 తర్వాత 65 నుంచి 60కి వచ్చింది. తెలంగాణలో 2014లో ఆసరా 65తో మొదలై తర్వాత 57కి దిగింది. నేతన్నలకి, కల్లుగీత కార్మికులకి రెండు రాష్ట్రాల్లోనూ 50. ఆంధ్రలో గిరిజనులకి, మత్స్యకారులకి కూడా 50. ఈ 50 వెనక ఒక ఒప్పుకోలు ఉంది. ముప్పై ఏళ్ళు గుంట మగ్గంలో కాళ్ళాడించిన మనిషికీ, ఫ్యాను కింద ఫైలు తిప్పిన మనిషికీ అరవై ఒకే రోజున రాదు.

దీన్నిబట్టి రెండు వాదాలున్నాయి. గీత పైకి జరపాలనేవాళ్ళు జపాన్‌ని చూపిస్తారు. 2017లో అక్కడి వృద్ధాప్య వైద్య సంఘాలు 65 నుంచి 74 దాకా ఉన్నవాళ్ళని వృద్ధులనకుండా "వృద్ధాప్యానికి ముందు దశ" అనాలని, వృద్ధులంటే 75 నుంచి అని ప్రతిపాదించాయి. నడిచే వేగం, ఆలోచనా శక్తి లాంటివి మునుపటి తరాల కంటే ఎన్నో ఏళ్ళు చిన్నగా ఉన్నాయన్నది వాళ్ళ ఆధారం. 2018లో ఇటలీ సంఘమూ 75 అనే అంది. గీత పెంచితే నిజంగా అవసరమున్నవాళ్ళకి ఎక్కువ ఇవ్వొచ్చన్న వాదనలో బలముంది. 60 నుంచి 79 దాకా ఉన్నవాళ్ళకి కేంద్రం వృద్ధాప్య పింఛనులో తన వాటాగా ఇచ్చేది నెలకి 200 రూపాయలేనన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

వద్దనేవాళ్ళ మాట: జపాన్ లెక్క జపాన్ శరీరాలది. మన పల్లెల్లో 62 ఏళ్ళ కూలీ మనిషి పింఛను తీసుకుంటూనే పనికి పోతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 18 నిండినవాళ్ళెవరైనా రావచ్చంది, పైన హద్దు పెట్టలేదు. ఒకే మనిషి పింఛను పుస్తకంలో వృద్ధురాలు, జాబ్ కార్డులో శ్రామికురాలు. గీత 70కి జరిపితే ముందు నష్టపోయేది అక్కడిదాకా బతికే అవకాశం తక్కువున్నవాళ్ళు. నాకు ఈ రెండో వాదనే ఎక్కువ నచ్చుతుంది. నేతన్నకి 50 ఇచ్చి ఉద్యోగికి 62 ఇవ్వడం పైకి అన్యాయంలా కనిపించినా, ఒంటికి దగ్గరగా ఉన్న లెక్క అదే.

మరి లోపలి వయసు?

"నాకు అరవై వచ్చినట్టే లేదు" అనేవాళ్ళని మనం నవ్వి వదిలేస్తాం. పరిశోధకులు దాన్ని సీరియస్‌గా కొలిచారు. 2006లో డెన్మార్క్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, నలభై దాటినవాళ్ళు సగటున తమ వయసు కంటే 20 శాతం చిన్నగా అనిపిస్తోందని చెప్పారు. ఈ లెక్కన 50 ఏళ్ళాయనకి లోపల 40. అరవైకి 48. డెబ్భైకి 56. తేడా ఏళ్ళలో పెరుగుతూ పోతుంది, వాటాలో మాత్రం అలాగే ఉంటుంది. బావగారికి లోపల 48 ఏళ్ళే అయితే, బస్సులో "తాతగారూ" అన్న పిలుపు ఎవరి కోసమో అనిపించడంలో వింతేముంది?

జర్మనీలో ఇంకో ప్రశ్న వేశారు: "ముసలితనం ఎన్నో ఏట మొదలవుతుంది?" 2024లో వెలువడిన ఆ అధ్యయనంలో 14 వేలమంది దాకా ఉన్నారు, అదే మనుషుల్ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ అడిగారు. 64 ఏళ్ళవాళ్ళు సగటున దాదాపు 75 అన్నారు. వాళ్ళకి నాలుగైదేళ్ళు పెరిగేసరికి, ఆ గీతని ఇంకో ఏడాది ముందుకి జరిపారు. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే రెండేళ్ళకి పైగా ఆలస్యంగా పెట్టారు. 1911లో పుట్టినవాళ్ళు తమ 65వ ఏట 71 అంటే, 1956లో పుట్టినవాళ్ళు అదే 65వ ఏట 74 అన్నారు. రోడ్డు మీద ఎండమావి లాగా మనం నడిచేకొద్దీ అదీ ముందుకి జరుగుతుంది.

ఎందుకిలా? ఒక వివరణ: "ముసలి" అన్న మాటకి మనం అంటించిన చెడ్డపేరు నుంచి పక్కకి తప్పుకోవడం. ముసలివాళ్ళంటే వాళ్ళు, నేను కాదు. తెలుగులో "సీనియర్" అన్న ఇంగ్లీషు మాట ఇంత సులువుగా అతుక్కోవడానికి కారణం ఇదేననుకుంటాను. కాలేజీలో సీనియర్, సినిమాల్లో సీనియర్ ఎన్టీఆర్, అందులో గౌరవమే తప్ప కర్ర, కళ్ళజోడు లేవు. "ముసలాయన" అంటే మండిపడే మనిషి "సీనియర్ సిటిజన్" అంటే సంతకం పెడతాడు. ఇంకో వివరణ ఆరోగ్యం. ఒళ్ళు బాగున్నవాళ్ళకి చిన్నగా అనిపిస్తుంది, నొప్పులున్నవాళ్ళకి పెద్దగా. ఒకే మనిషికి కూడా మోకాలు పట్టేసిన రోజు ఒక వయసు, మనవరాలు సెలవులకి వచ్చిన రోజు ఒక వయసు.

చిన్నగా అనుకుంటే నిజంగా ఎక్కువ కాలం బతుకుతారా? అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక పట్టణంలో 660 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2002లో పరిశోధకురాలు బెక్కా లెవీ బృందం ఒక ఫలితం చెప్పింది. తమ ముదిమి గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళ కంటే ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారని. వాట్సాప్‌లో ఇది "యవ్వనంగా ఫీలవండి, ఏడేళ్ళు ఎక్కువ బతకండి" అని తిరుగుతుంటుంది. అంత సూటిగా తీసుకోకూడదు. ఒకటి, అది ముసలితనం మీద అభిప్రాయం గురించిన లెక్క, ఎన్నేళ్ళున్నట్టు అనిపిస్తోందన్నది కాదు. రెండు, ఆరోగ్యం, డబ్బు, తోడు ఉన్నవాళ్ళకే మంచి అభిప్రాయమూ ఉండొచ్చు. పరిశోధకులు అప్పటి ఆరోగ్యాన్ని లెక్కలోంచి తీసి చూసినా సంబంధం మిగిలింది, కానీ సంబంధం మిగలడం వేరు, అదే కారణమని తేలడం వేరు.

మనదగ్గర ఇంకో వయసు కూడా పనిచేస్తుంది. వరస. పదేళ్ళ పిల్లాడు నలభై ఏళ్ళాయనకి వరసకి బాబాయి కావొచ్చు. పాతరోజుల్లో పదిహేనేళ్ళకే పెళ్ళయి, ముప్పైఆరేళ్ళకే అమ్మమ్మ అయినావిడ జరీ చీర పక్కన పెట్టేసేది, "మనవలు పుట్టాక ఇంకేం సోకులు" అని. ఆవిడకి ఒంట్లో ముసలితనం రాలేదు, పిలుపులో వచ్చింది. అరవై దాటినా కట్టుకోవాలనిపించింది కట్టుకునే ఈ తరం అమ్మమ్మల్ని "అరవైలో ఇరవై" అని వెక్కిరించేవాళ్ళకి, నిజానికి అడ్డొచ్చేది అరవై కాదు, అమ్మమ్మ అన్న వరస.

అనిపించిన వయసుని కాగితం మీదికి ఎక్కించొచ్చా?

ఈ ప్రశ్న నిజంగానే కోర్టుకి వెళ్ళింది. నెదర్లాండ్స్‌లో ఎమిల్ రాటెల్‌బాండ్ అనే 69 ఏళ్ళ వక్త, తనకి 49 ఏళ్ళలాగే అనిపిస్తోందని, పుట్టిన సంవత్సరాన్ని 1949 నుంచి 1969కి మార్చాలని 2018లో కేసు వేశాడు. పేరు మార్చుకోవచ్చు, లింగం మార్చుకోవచ్చు, వయసెందుకు మార్చుకోకూడదన్నది అతని వాదన. ఉద్యోగాలకి, డేటింగ్ యాప్‌లకి వయసు అడ్డొస్తోందన్నాడు. ఆ డిసెంబర్‌లో ఆర్నెమ్ కోర్టు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళు చిన్నగా అనిపించడానికీ, అలా నడుచుకోవడానికీ అతనికి స్వేచ్ఛ ఉందంది. కానీ ఓటు, పెళ్ళి, బడి, ఇలా వయసుకి కట్టిన హక్కులూ బాధ్యతలూ ఎన్నో ఉన్నాయని, తేదీ మారిస్తే ఆ ఇరవై ఏళ్ళ రికార్డులన్నీ గల్లంతవుతాయని చెప్పింది. గీత అందరికీ ఒకటే అయినప్పుడే దాన్ని సరిచూడగలం. అనిపించడాన్ని సరిచూసే కౌంటరు ఎక్కడా లేదు.

బావగారు మాత్రం ఏ కోర్టుకీ వెళ్ళక్కర్లేకుండానే రెండు తేదీల మీద నడుస్తున్నారు. సర్టిఫికెట్ ప్రకారం 60 నిండిన నెలలోనే పోస్టాఫీసుకి వెళ్ళి సీనియర్ సిటిజన్ స్కీములో డబ్బు వేశారు. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి కాబట్టి 62 నిండి రిటైరయ్యేది 2027 జూన్ 30న. మళ్ళీ గోదావరి పుష్కరాలు కూడా అప్పుడే. మా అక్క ఈలోగా షష్టిపూర్తి చేయిద్దామని పట్టుబట్టి, ఆయన్ని పురోహితుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన సర్టిఫికెట్ అడగలేదు. ఏడాది పేరు, మాసం, తిథి అడిగాడు. అత్తయ్యగారు చెప్పిన పరాభవ, ఆశ్వయుజం, అట్లతద్ది లెక్క విని, వేళ్ళు మడిచి చూసుకుని, "అప్పుడే ఎక్కడ బాబూ, ఆశ్వయుజం రావాలి" అన్నాడు.

"నే చెప్పలా" అన్నారు బావగారు, అక్క వైపు తిరిగి.